పోలినాయుడి వంద బస్కీలు

ఈ సంగతి నాకు మొదట చెప్పినవాడు దర్జీ గవరయ్య. ఎవరో చెప్పగా విన్నవాడు కాడు, తన మోకాళ్ళతో పడ్డవాడు. అతను పోయి చాలా కాలమైంది. అతను పోయాక దీన్ని మా ఊళ్ళో ముగ్గురు మూడు రకాలుగా చెబుతున్నారు. ఒకాయనైతే గురువుగారు బెత్తం పుచ్చుకుని పోలినాయుణ్ణి దారికి తెచ్చారంటాడు. ఆయన పేరు రాయను. రాస్తే మా అరుగు మీదకొచ్చి కూర్చుంటాడు, ఒక పట్టాన లేవడు. గురువుగారి చేతిలో బెత్తం చూసినవాళ్ళు లేరు. నా చదువు రెండో తరగతితో ఆగిపోయిన మాట నిజమే. విన్నది విన్నట్టు చెప్పడానికి అంతకంటే చదువు అక్కర్లేదు. గవరయ్య ఏ వరసలో చెప్పాడో ఆ వరసలోనే రాస్తున్నాను.

మా చింతలగెడ్డలో సాము నేర్పే తాలింఖానా నడిపిన దాలయ్య గురువుగారికి ఒక అలవాటుండేది. ఎవరేమడిగినా అప్పటికప్పుడు జవాబు చెప్పేవారు కారు. "చూద్దాం" అనేవారు. ఆ చూద్దాం ఒక్కోసారి ఆ పూటే తేలేది, ఒక్కోసారి ఏడాది పట్టేది. కుస్తీ పట్టే గోదా మట్టిలో నూనె ఎంత కలపాలని అడిగిన ఒక శిష్యుడికి రెండేళ్ళ తర్వాత, అతను వేరే ఊళ్ళో పెళ్ళిపందిట్లో భోజనం చేస్తూ ఉండగా జవాబు తట్టిందట. విస్తరి ముందు నుంచి లేచి నిలబడ్డాడట. గురువుగారి పద్ధతి అలాంటిది.

ఆయన దగ్గరికి ఒక దీపావళి మర్నాడు పోలినాయుడు వచ్చాడు. ముప్పై ఏళ్ళవాడు, మంచివాడు, భోజనప్రియుడు. ఎవరినీ పల్లెత్తు మాట అనడు. కానీ తన పని ఏదైనా తప్పితే అది ఎవరి మూలాన తప్పిందో మాత్రం ఠక్కున చెప్పగలడు. అతని రాకకి కారణం ఉంది. మా ఊరి వేణుగోపాలస్వామిని మాఘ పున్నమి నాడు పల్లకీలో గెడ్డ ఒడ్డున ఉన్న మండపానికి మోసుకెళతారు. పల్లకీకి నాలుగు కొమ్ములు, నాలుగు ఇళ్ళవాళ్ళు. ముందు కుడి కొమ్ము పోలినాయుడి ఇంటిది. గుడి దగ్గర భుజానికెత్తిన కొమ్ము మండపం చేరేదాకా దిగకూడదు, దాని కింద ఇంకొకరి చెయ్యి పడకూడదు. దిగినా, చెయ్యి పడినా ఆ కొమ్ము దాయాదుల ఇంటికి పోతుంది, మళ్ళీ తిరిగి రాదు. పోలినాయుడి తండ్రి ఇరవై రెండేళ్ళు మోశాడు. ఆ దసరాకి గట్టు మీంచి జారి తుంటి విరగ్గొట్టుకుని మంచాన పడ్డాడు. ఇక మొయ్యాల్సినవాడు పోలినాయుడు. దాయాది జోగినాయుడు అప్పటికే పట్టుపంచె ఒకటి కొని, మడత విప్పకుండా పెట్టెలో పెట్టుకున్నాడని ఊరంతా అనుకున్నారు. ఆ పంచె అంచు రంగు కూడా చెప్పుకున్నారు.

గురువుగారు పోలినాయుణ్ణి ముందు నుంచి చూశారు, పక్క నుంచి చూశారు. పక్క నుంచి కొంచెం ఎక్కువసేపు పట్టింది. "రోజూ పొద్దు పొడవక ముందు రావాలి. వంద బస్కీలు తియ్యాలి. వంద సార్లు కూర్చుని లేవడమే, ఇంకేం లేదు. నెల తిరిగాక మిగతాది" అన్నారు.

పోలినాయుడు చేతులు కట్టుకుని, "సేత్తాను గురూగారూ. ఒక్క మాట ముందే అడిగేత్తాను, ఏటనుకోకండి. ఇదివరకు రెండు సార్లు సాము మొదలెట్టి మానేశాను. ఒకసారి మా మేనమావ మూలాన, ఒకసారి వానల మూలాన. ఈసారి కూడా మధ్యలో ఆగిపోతే దానికి పూచీ ఎవరిది? మీదా, నాదా?" అని అడిగాడు.

"చూద్దాం" అన్నారు గురువుగారు.

ఆ తాలింఖానాలో ఒక కట్టడి ఉండేది. గోదాలో దిగే ముందు ప్రతివాడి బస్కీలూ పూర్తవ్వాలి. ఒక్కడివి మిగిలిపోయినా హనుమంతుడి పటం ముందు దీపం పెట్టరు, దీపం పెట్టందే ఎవరూ మట్టి ముట్టుకోరు. ఇరవై మంది లంగోటాలు బిగించుకుని చలిలో నిలబడాల్సిందే. వాళ్ళలో పొలాలకి పోయేవాళ్ళున్నారు, బండి తోలేవాళ్ళున్నారు, ఆలస్యమైతే అందరికీ నష్టం. కట్టడి సంగతి విన్న పోలినాయుడు తన జాగ్రత్త తాను పడ్డాడు. లేపే పని భార్య బంగారమ్మకి అప్పజెప్పాడు. లెక్కపెట్టే పని బామ్మర్ది గవరయ్యకి అప్పజెప్పాడు. బయల్దేరే ముందు వేడి పాలు అందించే పని గొల్ల గంగులుకి అప్పజెప్పాడు. మంచిరోజూ చెడురోజూ చూసే పని అర్చకులు సోమయాజులు గారిది ఎటూ ఉంది. అన్నీ ఇలా అమర్చుకున్నాక, తనకి కూర్చుని లేవడం ఒక్కటే మిగిలిందని సంతోషపడ్డాడు.

తొమ్మిది రోజులు బాగానే వచ్చాడు. పదో రోజు రాలేదు. శిష్యులు కాళ్ళు మార్చుకుంటూ నిలబడ్డారు. చాలాసేపటికి గవరయ్య ఒక్కడే వచ్చాడు. గవరయ్య అప్పటికి కుట్టుమిషను ముందు కూర్చుని కూర్చుని సన్నగా, ముందుకి వంగి, తాను కుట్టిన చొక్కాలో తానే కనబడకుండా ఉండేవాడు.

"బావ రాలేనన్నాడండి" అన్నాడు. "గంగులు పాలు తేవడం ఆలస్యం సేశాడంట. తప్పు గంగులుదే అని మీకు సెప్పమన్నాడు."

"అలాగా" అన్నారు గురువుగారు. గంగుల్ని పిలిపించారు. "నాయనా, నీ మూలాన ఒక మనిషివి వంద బస్కీలు ఆగిపోయాయి. ఇరవై మంది నిలబడిపోయారు. నీ తప్పేనా?"

గంగులు నెమ్మదస్తుడు. "దూడ తాడు తెంపుకుందండి. ఆలస్యమైన మాట నిజమే" అన్నాడు.

"అయితే ఆ వంద నువ్వు తియ్యి. తప్పు ఎవరిదో, తీత వాళ్ళదే."

గంగులు పాలబిందె దించి, పంచె ఎగగట్టి వంద తీశాడు. పశువుల వెంట తిరిగే మనిషి కాబట్టి అతనికదో పని అనిపించలేదు. దీపం పెట్టారు. ఈ సంగతి తెలిసి పోలినాయుడు చాలా తృప్తిపడ్డాడట. "గురువంటే అలా ఉండాల. నాయం సెప్పాడు" అన్నాడట బంగారమ్మతో.

మూడు రోజులు తిరక్కుండా మళ్ళీ తప్పింది. ఈసారి వర్జ్యం. పొద్దున్నే వర్జ్యం ఉందని సోమయాజులు గారు చెప్పారు కాబట్టి గడప దాటలేదని కబురొచ్చింది. గురువుగారు అర్చకుల ఇంటికి స్వయంగా వెళ్ళి, వాకిట్లో నిలబడి రెండు చేతులూ జోడించారు. "స్వామీ, మీ మాట మీద మానేశానంటున్నాడు. మాట తమదైతే బస్కీలు కూడా తమవే అవుతాయి. ఇరవై మంది తమ కోసం కనిపెట్టుకుని ఉన్నారు."

సోమయాజులు గారు పట్టుదల గల మనిషి. వర్జ్యం చెప్పడం తప్పంటే ఒప్పుకోరు, అలాగని తాను చెప్పలేదనీ అనరు. అంగవస్త్రం నడుముకి చుట్టి, తాలింఖానా స్తంభం పట్టుకుని మొదలెట్టారు. ఒక్కొక్క బస్కీకి కేశవ నామాల్లో ఒక నామం చెప్పుకున్నారు. ఇరవై నాలుగు నామాలూ నాలుగు ఆవృత్తులు పూర్తయ్యేసరికి తొంభై ఆరయ్యాయి. మిగతా నాలుగు ఏ నామమూ లేకుండా వట్టి మూలుగుతో తీశారు. వారం రోజులు గర్భగుడి మెట్టు ఎక్కలేక వచ్చిన ప్రతివాళ్ళకీ గుమ్మంలోంచే తీర్థం ఇచ్చారు. ఆ తర్వాత ఆ శీతాకాలమంతా మా ఊళ్ళో పొద్దుటిపూట వర్జ్యం రావడం మానేసింది. పోలినాయుడు ఎన్నిసార్లు అడిగినా, "దివ్యమైన ఘడియ నాయనా, పరిగెత్తు" అనేవారు.

ఇంక మిగిలింది ఇంట్లోవాళ్ళు. మార్గశిరంలో చలి ముదిరింది. ఒక పొద్దున్న, తన భార్య లేపలేదని పోలినాయుడు కబురు పెట్టాడు. ఆడవాళ్ళు తాలింఖానాలో అడుగుపెట్టరు. గురువుగారు గవరయ్యతో, "మీ అప్పని కనుక్కురా. తన తప్పేనంటే ఎలా తీస్తుందో కూడా తననే చెప్పమను" అన్నారు. గవరయ్య అక్క దగ్గరికి వెళ్ళి వచ్చాడు. వచ్చి గురువుగారి మొహం చూడకుండా అప్ప మాటల్ని అప్ప గొంతులోనే అప్పజెప్పాడు.

"మూడుసార్లు లేపాను. మూడోసారి సెంబుడు నీళ్ళు కూడా పోశాను. సాప తడిసింది గానీ మనిషి తడి లేని వేపుకి దొర్లిపోనాడు. మనిషిని లేపడం నా వల్ల అవుతాది, నిద్రని లేపడం నా వల్ల అవుతాదేటి? నాను తియ్యను. రేపట్నించి లేపను కూడా. గురూగారికి దణ్ణం సెప్పు."

గురువుగారు ఆ మాటలు విని కాసేపు మీసం సవరించుకున్నారు. "ఈ ఊళ్ళో ఒక్కరు దొరికారు" అన్నారు. "సరే, ఆమెది కాదు. మీ బావనడుగు, ఇంకెవరిది?"

గవరయ్య మళ్ళీ పరిగెత్తాడు. పోలినాయుడు గొంగళిలోంచి తల బయటపెట్టి ఆలోచించి, "గొంగళి మరీ వెచ్చగా ఉండిపోయిందిరా. ఇది మీ అమ్మ పెట్టిందే గదా" అన్నాడట.

ఆ జవాబు విన్న గురువుగారు గవరయ్యని గోదా అంచున నిలబెట్టారు. "మీ అమ్మ పెద్దావిడ. ఆమె తరఫున నువ్వు తియ్యి."

"నాకు సూదిలో దారం ఎక్కించడమే వచ్చండి, ఈ పని రాదు" అన్నాడు గవరయ్య. ఇరవై మంది అతని వేపు చూశారు. తీశాడు. నలభై దగ్గర కూలబడ్డాడు, యాభై దగ్గర ఏడ్చాడు, వంద దగ్గర ఎవరో లేపి నిలబెట్టారు. ఆ రోజంతా మిషను తొక్కలేక ఎవరిదో పెళ్ళిచొక్కా ఒక చెయ్యి లేకుండా ఉండిపోయింది.

ఇక అక్కణ్ణుంచి దారి తెలిసిపోయింది. బంగారమ్మ లేపడం మానేసింది, గంగులు దూడకి కొత్త తాడు కొన్నాడు, అర్చకులు దొరకరు. తప్పు పెట్టడానికి గవరయ్య ఒక్కడే చేతికందేలా ఉన్నాడు. నిన్న గవరయ్య లెక్క తప్పాడు కాబట్టి మనసు విరిగింది. గవరయ్య కుట్టిన లాగు పట్టేస్తోంది కాబట్టి కూర్చోలేకపోయాను. గవరయ్య రాత్రి భోజనానికొచ్చి కబుర్లు చెప్పాడు కాబట్టి నిద్ర ఆలస్యమైంది. అన్నిటికీ గురువుగారిది ఒకటే మాట, "అలాగా. అయితే తియ్యి." పోలినాయుడు వారంలో రెండు రోజులు వస్తే నాలుగైదు రోజులు గవరయ్య తీశాడు. మొదట్లో ఏడుస్తూ తీశాడు, తర్వాత తిట్టుకుంటూ తీశాడు, పుష్యమాసం వచ్చేసరికి పాట పాడుకుంటూ తీశాడు. తన లాగు కుట్లు తానే రెండుసార్లు విప్పి పెంచుకున్నాడు. నడుం నిటారైంది. కొలతలు ఇచ్చే జనం తల పైకెత్తి అతనితో మాట్లాడడం మొదలెట్టారు. "అన్నాళ్ళు నేను బావని తిట్టుకున్నాను గానీ, నా ఒంటికి కాళ్ళున్నాయని నాకు తెలిసింది ఆయన మూలానే" అని గవరయ్య నాతో అన్నాడు. ఆ మాట అంటూ అరుగు మీంచి చెయ్యి ఆనించకుండా లేచి చూపించాడు. అప్పటికతనికి డెబ్బై దాటాయి.

పుష్యమాసం మొదట్లో మోత సరిచూడడం ఆనవాయితీ. పల్లకీలో స్వామికి బదులు రెండు ధాన్యం బస్తాలు వేసి, నాలుగిళ్ళవాళ్ళూ గుడి చుట్టూ ఒక్క ప్రదక్షిణ చెయ్యాలి. ఊరి పెద్దలు చూస్తారు. ఆ రోజు పోలినాయుడు తండ్రిని మంచంతో సహా మోసుకొచ్చి గుడి గోడ నీడన పెట్టారు. పోలినాయుడు దణ్ణం పెట్టుకుని కొమ్ము కింద భుజం పెట్టాడు. లేచాడు. ఆరడుగులు నడిచాడు. ఏడో అడుగులో కుడి మోకాలు పక్కకి పోయింది, ఎనిమిదో అడుగు పడనే లేదు. కొమ్ము ఒరిగింది, పైబస్తా జారింది. జనంలోంచి ఎవరో దూకి కొమ్ము కింద భుజం ఆనించి నిలబెట్టారు. చూస్తే గవరయ్య. బరువంతా అతని మీదే పడినా అతని కాలు కదల్లేదు. అందరికంటే ఎక్కువ గవరయ్యే ఆశ్చర్యపోయాడు.

జోగినాయుడు నవ్వలేదు. నవ్వినా బాగుండేది. మంచం దగ్గరికొచ్చి, ముసలాయనకి వినబడేటంత మెల్లగా అన్నాడు. "పెదనాన్నా, హక్కు మీ వోడిది, మోకాళ్ళు మీ వోడి బామ్మర్దివి. సామికి రెండూ ఒక మనిషిలోనే ఉండాల గదా."

ముసలాయన గోడ వేపు తిరిగి పడుకున్నాడు. పెద్దలు కూడబలుక్కుని, సరిచూపే కాబట్టి ఈసారికి వదిలారు. పున్నమి నాడు ఇలాగే అయితే కొమ్ము జోగినాయుడి ఇంటికి రాసేస్తామన్నారు. పున్నమికి నెలా పదిహేను రోజులుంది.

ఆ రాత్రి పోలినాయుడు గొంగళి ముసుగు పెట్టి పడుకున్నాడు. ఇక్కడే మనవాళ్ళు కథ చెడగొడతారు. అతను కోడి కూయక ముందే లేచి పరిగెత్తాడంటారు. లేదు. మర్నాడు కూడా అతనికి మెలకువ రాలేదు. ఎవరూ లేపలేదు. పొద్దెక్కాక, ఎండ చాప మీదకొచ్చి కాలు కాలాక లేచాడు. మొహం కడుక్కుని తాలింఖానాకి వెళ్ళేసరికి శిష్యులంతా వెళ్ళిపోయారు. అతని వంతు గవరయ్య అలవాటుగా తీసేసి వెళ్ళాడు. గురువుగారు ఒక్కరే పారతో మట్టి గుల్లచేస్తున్నారు. తలెత్తకుండానే, "పొద్దున్న రాలేదేం?" అన్నారు.

పోలినాయుడు గుమ్మంలో నిలబడి ఆలోచించాడు. గంగులు వేపు ఆలోచించాడు, అర్చకుల వేపు ఆలోచించాడు. బంగారమ్మ మాట నోటిదాకా వచ్చి వెనక్కి పోయింది. గవరయ్య పేరెత్తబోతే, నిన్న కొమ్ము కింద కదలకుండా నిలబడ్డ కాళ్ళు కళ్ళముందు కనబడ్డాయి. ఇంకో వంద గవరయ్యకి ఇస్తే వాడు గుడి గోపురం కూడా ఎత్తేస్తాడేమో అనిపించిందట. ఈ మాట పోలినాయుడే తర్వాత గవరయ్యకి చెప్పాడు.

"నిద్ర పోయానండి" అన్నాడు చివరికి.

"ఎవరి నిద్ర?"

పోలినాయుడు గడప దాటి లోపలికొచ్చాడు. "నాదేనండి. తప్పు నాదేనండి."

గురువుగారు పార గోడకి ఆనించారు. రెండు నెలల నుంచి అందరికీ చెప్పిన మాటే చెప్పారు. "అయితే తియ్యి."

పోలినాయుడు పంచె ఎగగట్టాడు. తీస్తూ తీస్తూ రొప్పుతూ, "ఎన్నయ్యాయండి?" అన్నాడు.

"నన్నడుగుతావేం? కాళ్ళు నీవి."

లెక్క లేకపోవడంతో పోలినాయుడు మొదటికొచ్చాడు. ఈసారి తానే పైకి లెక్కపెట్టుకుంటూ తీశాడు. వంద పూర్తయ్యేసరికి మిట్టమధ్యాహ్నమైంది. మధ్యలో మూడుసార్లు కూలబడ్డాడు. ఇంటికి గోడలు పట్టుకుని వెళ్ళాడు. బంగారమ్మ చూసి ఒక ముద్ద ఎక్కువ పెట్టింది.

ఆ రోజు నుంచి అతను ఎలా లేచాడో గవరయ్య నాకు వివరంగా చెప్పాడు. పడుకునే ముందు రెండు చెంబుల నీళ్ళు తాగేవాడు. చీకటి ఉండగానే ఆ నీళ్ళే అతన్ని లేపి బయటికి పంపేవి. అంతవరకు నీళ్ళ పని. ఆ పని అయ్యాక మళ్ళీ గొంగళిలోకి పోవాలా, గోదాకి పోవాలా అన్నది నీళ్ళు చెప్పలేవు. ఇంటి వెనక తడక దగ్గర, చలిలో, ఒక్కడూ నిలబడి ప్రతిరోజూ అది తేల్చుకునేవాడు. కొన్ని రోజులు చాలాసేపు నిలబడేవాడట. బంగారమ్మ లోపల మెలకువగానే ఉండి వింటూ ఉండేది. తడక చప్పుడు అయ్యాక, వెళ్ళాడని తెలిసి, అటు తిరిగి పడుకునేది. ఒక రోజు జ్వరం వచ్చి పొద్దున్న వెళ్ళలేదు. ఎవరి పేరూ చెప్పి పంపలేదు, కట్టడి ప్రకారం ఆ పూట దీపం వెలగలేదు. సాయంత్రం జ్వరం దిగాక తానే వెళ్ళి, తాళం వేసి ఉన్న తాలింఖానా ముందు, వీధిలోనే వంద తీసి వచ్చాడు. తర్వాత గురువుగారు వందని రెండొందలు చేశారు, ఇసుక మూట మెడ మీద పెట్టారు. పోలినాయుడు ఏమీ అడగలేదు.

మాఘ పున్నమి వచ్చింది. నాలుగిళ్ళవాళ్ళూ కొమ్ములెత్తారు. గుడి వీధి దాటింది, తోటల దారి దాటింది. గెడ్డలోకి దిగి మండపం వేపు ఎక్కే గట్టు మాత్రం నిటారుగా ఉంటుంది, మా నాన్నగారి కాలంలో దాన్ని దణ్ణాల గట్టు అనేవారు. అక్కడ పోలినాయుడి కాళ్ళు వణకడం మొదలైంది. పిక్కలు బల్లి తోకలా కొట్టుకుంటున్నాయి. జోగినాయుడు గట్టు మీద పట్టుపంచెతోనే నిలబడి ఉన్నాడు. గవరయ్య పక్కనే నడుస్తూ ఉండి, పట్టలేక, కొమ్ము కిందకి చెయ్యి చాపాడు. ఇంకా తగల్లేదు, నాలుగు వేళ్ళ ఎడం ఉంది.

"తియ్ సెయ్యి" అన్నాడు పోలినాయుడు.

"బావా, వణికిపోతన్నావు."

"వణికేవి నా కాళ్ళే గదా. తియ్."

గవరయ్య చెయ్యి తీశాడు. పోలినాయుడు పైకి లెక్కపెట్టుకుంటూ ఎక్కాడు. పల్లకీ ముందు భజన చేసేవాళ్ళు ఆ లెక్క విని, ఏదో కొత్త నామావళి అనుకుని తాళం వేశారు. అరవై మూడో అంకె మీద మండపం రాతి మీద కాలు పడింది. కొమ్ము దిగింది. మంచం మీద తెచ్చిన ముసలాయన అప్పుడు ఇటు తిరిగాడు. జోగినాయుడు ఆ పంచె తర్వాత తన కూతురి పెళ్ళిలో కట్టుకున్నాడు. దాని సంగతి నాకు తెలుసు గానీ ఇక్కడ అవసరం లేదు.

జనం పోలినాయుడి మెడలో దండ వేశారు. ఏదైనా చెప్పమన్నారు. పోలినాయుడికి సిగ్గేసింది. దండ తీసి చేత్తో పట్టుకుని, "నాదేటుందండి. అంతా గురూగారి దయ. గంగులు పాలు, పంతులు గారి ఆశీస్సు, మా బంగారమ్మ ఓర్పు, మా గవరయ్య..." అంటూ ఒక్కొక్కరి పేరూ చెప్పుకొచ్చి, దండ తెచ్చి గురువుగారి మెడలో వెయ్యబోయాడు.

గురువుగారు రాతి మీద కూర్చున్నవారు కూర్చున్నట్టే ఉండి, చెయ్యి అడ్డం పెట్టారు.

"ఇది కూడా మాచేతే మోయిస్తావేటి?" అన్నారు.

గవరయ్య చెప్పింది ఇంతే. ఇప్పుడు ఒక్క మనవి. ఆ మండపం గోడకి సున్నం వేయించినప్పుడు రంగుల కూర్మయ్య ఈ సంగతి నాలుగు వరసల్లో రాశాడు. మూడు వరసలు బాగానే ఉన్నాయి. నేను అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాను. నాలుగో వరసలో, "దాలయ్య గురువుగారు రోజూ పోలినాయుడి ఇంటికి స్వయంగా వెళ్ళి లేపి సాము చేయించిరి" అని ఉంది. గురువుగారు ఒక్కనాడు కూడా ఆ గడప తొక్కలేదు. వద్దని ఆయన చెయ్యి అడ్డం పెట్టిన దండనే కూర్మయ్య గోడ మీద ఆయన మెడలో వేశాడు. మూడుసార్లు చెప్పాను. ఒకసారి రంగు లేదన్నాడు, ఒకసారి నిచ్చెన లేదన్నాడు, ఒకసారి తనకి ఎవరో అలా రాయమన్నారన్నాడు. నా దగ్గర నల్లరంగు ఉంది, నిచ్చెన ఉంది. కూర్మయ్య గానీ, అతనికి చేతకాకపోతే అక్షరం వచ్చినవాళ్ళెవరైనా గానీ వచ్చి, ఆ వరస చెరిపి, అక్కడ "తానే లేచెను" అని రాయవలెను.